గోదావరి పల్లెలు – మధుమేహపు లెక్క

2003–04లో పన్నెండు మాసాల కాలంలో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 1,354 మంది మరణించినారు. ఆ గ్రామాల జనసంఖ్య 1,80,162. అనగా వెయ్యిమందికి ఏడున్నర మరణాలు. ఇందులో వింత లేదు. వింత యేమనగా, పోయినవారిలో నూటికి 98 మంది విషయంలో ఎవరో ఒకరు బంధువుల గడప యెక్కి, ఆ మనిషి ఏ విధంగా పోయినదీ ఓపికతో అడిగి వ్రాసికొన్నారు.

పల్లెటూరిలో చావుకు కారణం వ్రాయువారు అరుదు. ఆసుపత్రిలో పోయినవారికి ఒక కాగితమైనా ఉండును. ఇంట మంచంమీద పోయినవారికి అదియు లేదు. వయస్సు మీరినదనో, గుండె ఆగినదనో చెప్పి ఊరుకొందురు. గుండె ఆగకుండ పోయినవారు లోకంలో ఎవరున్నారు? ఈ లోటు తీర్చుటకు వైద్యులు ఏర్పరచుకొన్న పద్ధతిని మౌఖిక మరణవిచారణ అనవచ్చును. తగిన శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త మృతుని బంధువులను ప్రశ్నించును: ఛాతీలో నొప్పి వచ్చినదా, ఎంతసేపున్నది, చెయ్యీ కాలూ పడిపోయినవా, జ్వరం ఎన్నాళ్ళు కాసినది, దగ్గులో రక్తం పడినదా? ఆ సమాధానాలు చదివి వైద్యుడు కారణాన్ని నిర్ణయించును. నూటికి నూరుపాళ్ళూ సరిపోవునని ఎవరూ అనలేదు. ఈ గ్రామాలలో కూడ నూటికి 82 మరణాలకు మాత్రమే నిర్దిష్టమైన కారణం తేలినది. అయినను శూన్యానికి ఇది ఎన్నో రెట్లు మేలు.

ఈ పని చేసినది ‘ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్’ అను బృందం. గోదావరి పల్లెలలో ఆరోగ్య కేంద్రాలు నడుపుతుండిన బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదు కేర్ ఆసుపత్రికి చెందిన వైద్యులు, ఢిల్లీలోని దీర్ఘవ్యాధుల అధ్యయన కేంద్రం, ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరమందలి జార్జి ఇన్‌స్టిట్యూట్ ఇందులో చేతులు కలిపినవి. డాక్టరు కె. శ్రీనాథరెడ్డి, డాక్టరు పి. కృష్ణంరాజు, రోహిణా జోషి, క్లారా చౌ మొదలైనవారి పేర్లు ఆ పరిశోధన పత్రాలపై కనబడును. ఫౌండేషన్‌ను నెలకొల్పిన కుటుంబంవారి సత్యం కంపెనీ 2009 జనవరిలో ఏమైనదో లోకమెరిగినదే. కంపెనీ లెక్కలు నిలువలేదు. గ్రామాల లెక్కలు నిలిచినవి.

2006లో వెలువడిన ఆ లెక్క చూచినవారు కొంత నిర్ఘాంతపోయినారు. మరణాలలో నూటికి 32 గుండెకు, రక్తనాళాలకు సంబంధించిన వ్యాధులవలన కలిగినవి. వాటిలో గుండెజబ్బుది ఎంత భాగమో పక్షవాతానిది ఇంచుమించు అంతే. ప్రమాదాలు, గాయాలు, ఆత్మహత్యలు కలిపి నూటికి 13. అంటువ్యాధులు 12 మాత్రమే. గుండెజబ్బు పట్టణాలలో మేడలెక్కి కూర్చున్నవారిదనీ, పల్లెలను పీడించునవి జ్వరాలూ విరేచనాలూ అనీ పాఠాలలో చదువుకొన్న తరానికి ఈ అంకెలు కొరుకుడుపడలేదు.

గుండెజబ్బుకూ పక్షవాతానికీ వెనుక నిలిచియుండే వ్యాధులలో మధుమేహం ముఖ్యమైనది. అందుచేత అదే బృందం 20 గ్రామాలలో 30 ఏండ్లు, ఆపైబడిన 4,535 మందిని వయస్సునుబట్టి, స్త్రీపురుష భేదాన్నిబట్టి ఎంచుకొని, పరగడుపున రక్తంలోని చక్కెరను చూచినది. మధుమేహం ఉన్నవారు నూటికి 13.2 మందిగా తేలినారు. ఆ 13.2లో తమకు వ్యాధి ఉన్నదని ముందే తెలిసినవారు 6.4, ఆనాటివరకు తెలియనివారు 6.8. తెలిసిన మధుమేహులకంటె తెలియని మధుమేహులే ఒక పిసరు ఎక్కువ. ఆ పిసరును కాదు, ఆ సగాన్ని గమనించవలెను. ఊరిలో షుగరు ఎందరికున్నదని రచ్చబండమీద విచారించి లెక్కవేసిన మనిషి అసలు లెక్కలో సగమే చెప్పగలడన్నమాట.

రెండవ రకం మధుమేహమంటే ఏమో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. తిన్న అన్నం చక్కెరయై రక్తంలో చేరును. దానిని కండలలోకి, కాలేయంలోకి పంపు ద్వారపాలకుడు ఇన్సులిన్. ఏండ్ల తరబడి ద్వారాలు మొరాయించి, ద్వారపాలకుడు అలసిపోయినప్పుడు చక్కెర రక్తంలోనే నిలిచిపోవును. కండలలో శక్తి ఏ రూపాన దాగియున్నదో ఫిస్కేతో కలిసి 1920లలో కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలోనే జన్మించినాడని ఈ సందర్భంలో తలచుకొనుట అప్రస్తుతం కానేరదు. వ్యాధి మొదట బాధించదు. అదే దాని మాయ. దాహం, అతిమూత్రం, మానని పుండు, మసకబారిన చూపు – ఇవి కనబడునప్పటికి చాల కాలం గడచియుండును. అందువలన రక్తపరీక్ష చేయించుకొన్నవారికే వ్యాధి తెలియును. పరీక్షకు పోవలెనన్న ఒక పూట కూలి పోగొట్టుకొనవలెను. లంకగ్రామమైనచో రేవు దాటవలెను. పోయినతరువాత మందులు కొనవలెను. వ్యాధి ఎవరికి వచ్చినదన్నది ఒక ప్రశ్న. ఎవరికి తెలిసినదన్నది వేరొక ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలనూ కలగాపులగం చేసినందువలననే మధుమేహం కలిగినవారి జబ్బు అన్న నానుడి ఇంతకాలం నిలిచియుండవచ్చును.

తరగతి గదిలో నల్లబల్లమీద వేయదగిన చిన్న లెక్క యొకటి ఉన్నది. ఇది కేవలం ఊహ. ఏ ఊరిదీ కాదు. ఒక ఊరిలో రెండు పేటలున్నవి, ఒక్కొక్క పేటలో వందమంది పెద్దలు. రెండింటిలోను పద్నాలుగేసి మందికి వ్యాధి ఉన్నది. మొదటి పేటవారికి చదువూ డబ్బూ ఉన్నవి గనుక పదిమంది పరీక్ష చేయించుకొని తెలిసికొన్నారు. రెండవ పేటలో నలుగురు. ఇంటింటికి పోయి ‘మీకు షుగరున్నదా?’ అని మాత్రమే అడిగిన విద్యార్థి పదికీ నాలుగుకూ గల తేడా చూచి, ఐశ్వర్యం మధుమేహాన్ని రెండున్నర రెట్లు చేయునని వ్రాసికొని వచ్చును. అతని కూడికలో తప్పు లేదు. తప్పు ప్రశ్నలో ఉన్నది. ఈ తప్పును గొప్ప గణనయంత్రమైనా పట్టుకొనజాలదు. ఏలనన పట్టికలో లేని పదిమందిని యంత్రం ఎరుగదు.

దత్తాంశ శాస్త్రమని, డేటా సైన్సని నేడు వాడుకలోనున్న విద్యకు మూలవస్తువు ఇట్టి పట్టికయే. ప్రతి మనిషీ ఒక అడ్డువరుస. ప్రతి ప్రశ్నా ఒక నిలువుగడి. వయస్సు, నడుము కొలత, చదువు, వృత్తి, భూమి, కులం, ఇంటి పైకప్పు, తాగునీరు, పొగాకు – ఇట్లు గళ్ళు సాగిపోవును. సామాజిక కారణాలని మనమనునవి ఈ గళ్ళలో కొన్ని. వాటి బలాన్ని తూచుటకు ఎక్కువగా వాడునది లాజిస్టిక్ రిగ్రెషన్ అను పద్ధతి. దాని సారాంశం చెప్పవలెనన్న, తక్కిన గళ్ళను కదలకుండ పట్టుకొని ఒక్క గడిని మాత్రం కదిలించి, వ్యాధి అవకాశం ఎంత పెరిగినదో ఎంత తరిగినదో చూచుట. ఉదాహరణకు చదువురానివారిలో వ్యాధి ఎక్కువగా కనబడినదనుకొందము. పల్లెలలో చదువురానివారిలో ఎక్కువమంది వయస్సు మళ్ళినవారు. వయస్సు పెరిగినకొద్దీ వ్యాధి పెరుగును. కనుక చదువులేమిని నిందించుటకు ముందు వయస్సును కదలకుండ పట్టుకొనవలెను. ఒకే యీడువారిలో చదివినవారిని, చదవనివారిని సరిచూడవలెను.

ఇట్టి సమీకరణాలలో ఒక గడికి నిజంగా బలమున్నదా, లేక అది కాకతాళీయమా అని పరీక్షించుటకు నేటికినీ వాడుచున్న స్కోరు పరీక్షను 1948లో ప్రతిపాదించినవాడు తెలుగువాడైన సి.ఆర్. రావు. 1920లో హడగలిలో పుట్టి, నూజివీడు, నందిగామలలో బాల్యవిద్య గడపి, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన ఈ మహనీయుడు నూటరెండేండ్లు జీవించి 2023లో పరమపదించినాడు. ఉద్యోగజీవితపు తొలిరోజులలో ఆయన చేసిన పనులలో ఒకటి, 1941లో సంయుక్త రాష్ట్రాలలో వేలమంది శరీరాలపై తీసిన కొలతలను మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి విశ్లేషించుట. టేపు పట్టుకొని మనుషులను కొలిచినవారి శ్రమలేనిదే ఆ గణితానికి ముడిసరుకు లేదు.

ఇచ్చట ఒక గుంట ఉన్నది. చదువుకొన్న పరిశోధకులు కూడ అందులో పడుచుందురు. చదువు, ఆదాయం, వృత్తి, వీటితోపాటు నడుము కొలతను, శారీరక శ్రమను, తిండిని కూడ సమీకరణంలో చేర్చి, అన్నింటినీ కదలకుండ పట్టుకొనినచో, ఒక్కొక్కమారు చదువుగడి బలం సున్నకు దిగిపోవును. అంతట వారు, సామాజిక స్థితికి మధుమేహంతో సంబంధం లేదు, నడుము లావే కారణమని తీర్పు చెప్పుదురు. డెల్టా రైతు ఈ తీర్పు విని నవ్వును. గోదావరినీరు చేనికి వచ్చునది కాలువద్వారా, కాలువనుండి వచ్చునది తూముద్వారా. తూము మూసివేసి, చేనిలో నీరు లేదు గనుక చేనికీ గోదావరికీ సంబంధం లేదనవచ్చునా? బ్రతుకు తెరువే మనిషి నడుమును, నడకను, తిండిని నిర్ణయించుచున్నది. నడుము తూము వంటిది. ఏది నది, ఏది కాలువ, ఏది తూము అన్న వివేకం పట్టికలో ఉండదు. పట్టిక వేసినవాని బుద్ధిలో ఉండవలెను. యంత్రాభ్యాసమని పేరుపెట్టుకొన్న కొత్త పద్ధతులకు ఈ బాధ మరింత ఎక్కువ. నిర్ణయవృక్షాలు వందలుగా నాటి, ఫలానా మనిషికి వ్యాధి రావచ్చునని అవి చాల చక్కగా జోస్యం చెప్పగలవు. ఎందుకు వచ్చునని అడిగినచో వాటికి మాట రాదు.

డెల్టాలో బ్రతుకు తెరువు మారిన తీరు ఈ విషయంలో ఎంతో చెప్పగలదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. అంతకుపూర్వం కరవులతో పాడుబడిన సీమ సార్వా, దాళ్వా రెండు పంటల మాగాణి అయినది. జొన్న, రాగి, సామ, కొర్ర మెట్టలకు జరిగిపోయినవి. పల్లంలో మూడుపూటలా వరియన్నమే అన్నం. రోకటిపోటు పోయి మిల్లు వచ్చినది. తవుడు పశువులకూ తెల్లబియ్యం మనుష్యులకూ అయినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చి కూలివాని యింట కూడ ఆ తెల్లన్నమే కడుపునింపినది. ఆకలి తీర్చిన పథకాన్ని ఈ వ్యాధికి దోషిగా నిలబెట్టుట అన్యాయం. కాని తిండి మారినదన్నది నిజం. 21 దేశాలలో 1,32,373 మందిని కొన్ని సంవత్సరాలు కనిపెట్టి చూచిన ఒక పెద్ద పరిశీలన 2020లో ప్రకటితమైనది. దానిలో, దక్షిణాసియా దేశాలవరకు చూచినచో, దినానికి 450 గ్రాములకు మించి తెల్లన్నం తినువారికి, 150 గ్రాములకు లోపు తినువారికంటె మధుమేహం వచ్చు అవకాశం నూటికి 61 పాళ్ళు హెచ్చుగా ఉన్నది. అన్ని దేశాలను కలిపి చూచినచో ఆ హెచ్చు 20 పాళ్ళే. అదే అన్నం ఒకచోట ఎక్కువ చెరుపు, ఒకచోట తక్కువ చెరుపు ఎందుకైనది? అన్నం ప్రక్కన విస్తరిలో ఏమున్నది, పప్పెంత, కూరెంత అన్నది ఒక కారణం కావచ్చును. తిన్నతరువాత మనిషి చేసిన పని మరొకటి. గోదావరి పల్లెలలో ఆ పనియు మారినది. కోతకు యంత్రం వచ్చినది. నాగలి స్థానాన ట్రాక్టరు నిలిచినది. ఎన్నో ఊళ్ళలో వరిచేలు చేపల చెరువులై, రొయ్యల చెరువులై, గట్టుమీద కాపలా కూర్చుండుటయే ఉద్యోగమైనది. పని పోయినను అన్నపు కొలత పోలేదు.

అయితే లావు లేనివారికి, చెమటోడ్చి పనిచేయువారికి కూడ ఈ వ్యాధి ఎందుకు వచ్చుచున్నది? దీనికి సమాధానం వెదకుచు పోగా ఇంగ్లండులో హర్ట్‌ఫర్డ్‌షైర్ అను మండలంలో దొరికినది పాత ఖాతాపుస్తకం. 1911నుండి అక్కడ ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అను ఆరోగ్య పర్యవేక్షకురాలి ఆధ్వర్యంలో మంత్రసానులు, ఆరోగ్య సందర్శకులు ప్రతి బిడ్డ పుట్టిననాటి బరువు, ఏడాదినాటి బరువు వ్రాసిపెట్టినారు. ఎనభై ఏండ్ల తరువాత డేవిడ్ బార్కర్, హేల్స్ అను శాస్త్రజ్ఞులు ఆ పిల్లలను, అప్పటికి అరువది దాటిన వృద్ధులను, వెదకి పట్టుకొని పరీక్షించినారు. పరీక్షకు వచ్చిన 370 మంది పురుషులలో 93 మందికి చక్కెర అదుపు తప్పియున్నది. ఏడాదినాడు తక్కువ బరువున్నవారిలోనే ఆ దోషం ఎక్కువ. తల్లిగర్భంలోను, పాలబుగ్గల ప్రాయంలోను పొందిన లేమి ఆరు దశాబ్దాల తరువాత వడ్డీతో వసూలైనదన్నమాట. పూనాలో డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఇదే దారిలో పరిశోధించి, భారతీయ శిశువు సగటున 2.7 కిలోలే తూగినను ఆ చిన్నిదేహంలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని చూపినాడు. పుట్టుకలోనే పేదరికం వ్రాసిన గడి అది. నలుబదియేండ్లు వచ్చిన మనిషిని ‘మీ తల్లి మిమ్ము మోయునాడు ఏమి తిన్నది?’ అని అడిగినచో ఎవరు చెప్పగలరు? ఆనాడు ఎవరైనా వ్రాసియుండవలెను.

తెలుగునాట అట్లు వ్రాసిన పుణ్యాత్ములు లేకపోలేదు. హైదరాబాదు సమీపాన 29 గ్రామాలలో 1987 మొదలు 1990వరకు జాతీయ పోషకాహార సంస్థవారు ఒక ప్రయోగం చేసినారు. 15 గ్రామాలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టినారు. తక్కిన 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు పదమూడు, పదునెనిమిది ఏండ్ల మధ్యవారైనప్పుడు సంజయ్ కిన్రా బృందం తిరిగిపోయి 1,165 మందిని పరీక్షించి, 2008లో ఫలితం ప్రకటించినది. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవు. అంతకన్న ముఖ్యంగా, వారి దేహాలు ఇన్సులిన్ మాటకు ఎదురుతిరుగు గుణం నూటికి 20 పాళ్ళు తక్కువ. గర్భిణికి పెట్టిన పిడికెడు ఉప్మా బిడ్డ రక్తంలో పదిహేనేండ్లకు కనబడినది. ఏ వైద్యుడూ చీటీమీద వ్రాయని మందు ఇది.

ఇక ధనం సంగతి. భారత వైద్య పరిశోధన మండలి పూనికతో జరిగిన ఇండియాబ్ సర్వే తొలి 15 రాష్ట్రాల ఫలితాలు 2017లో వెలువడినవి. 57,117 మందిని పరీక్షించగా నూటికి 7.3 మందికి వ్యాధి ఉన్నది; పట్టణాలలో 11.2, పల్లెలలో 5.2. మొత్తంమీద కలిగినవారిలోనే ఎక్కువ. కాని సంపన్న రాష్ట్రాల పట్టణాలలో మాత్రం లెక్క తలక్రిందైనది: అక్కడ పేదలలోనే వ్యాధి హెచ్చుగా ఉన్నది. పాశ్చాత్యదేశాలలో ఎన్నడో జరిగిన మార్పు ఇది. 2023లో ముగింపు ఫలితాలు వచ్చునప్పటికి దేశంలో వ్యాధిగ్రస్తులు నూటికి 11.4, సుమారు పదికోట్ల పదిలక్షలు. డెల్టా పల్లెలలో 2006నాటికే 13.2 కనబడినదని జ్ఞాపకం పెట్టుకొన్నచో, ఈ సీమ దేశానికంటె ముందు నడచినదని అనుకోవచ్చును. అయితే ఒక సర్వేలో 30 ఏండ్లు దాటినవారు, మరొక సర్వేలో 20 ఏండ్లు దాటినవారు గనుక ఈ పోలికను గట్టిగా లాగరాదు.

ఈ అంకెలన్నీ ఊరిలో ఒక మనిషివద్దకు వచ్చి ఏమి చేయుచున్నవో చూడవలెను. చెన్నైకి చెందిన డాక్టరు వి. మోహన్ బృందం 2005లో భారతీయ మధుమేహ ప్రమాదసూచిని తయారుచేసినది. రక్తం తీయనక్కరలేదు, నాలుగు ప్రశ్నలు చాలును. వయస్సు 35 లోపు సున్న, 50 లోపు 20, 50 దాటినచో 30 మార్కులు. నడుము కొలతకు సున్ననుండి 20 వరకు. వ్యాయామం, కష్టమైన పని రెండూ ఉన్న సున్న, ఒకటే ఉన్న 20, రెండూ లేకున్న 30. తల్లిదండ్రులలో ఒకరికి వ్యాధి ఉన్న 10, ఇద్దరికీ ఉన్న 20. మొత్తం 60కి చేరినచో ప్రమాదం ఎక్కువ, రక్తపరీక్ష తప్పదు. చౌకయైనది, తెలివైనది, మెచ్చదగినది ఈ సూచి.

దీనిని ఒక వ్యవసాయ కూలి స్త్రీకి వర్తింపజేసి చూతము. వయస్సు 52: మార్కులు 30. నడుము సన్నం: సున్న. నాట్లు వేయును, కలుపు తీయును, వేరే వ్యాయామం ఎరుగదు: 20. తల్లిదండ్రులకు షుగరుండెనా? ఆమెకు తెలియదు. తండ్రి కాలిపుండు మానక పోయినాడు; తల్లి చూపు మందగించి, నిద్రలో పోయినది. వారి రక్తాన్ని ఎవరూ ఎన్నడూ చూడలేదు. తెలియదన్న జవాబుకు సూచిలో చోటు లేదు గనుక ‘లేదు’ అని వ్రాయుదురు: సున్న. మొత్తం 50. ఆమె ఇంటికి పోవచ్చును. అదే తండ్రి పట్టణంలో గుమాస్తాయై ఒక్కమారు పరీక్ష చేయించుకొనియుండినచో పది మార్కులు కలిసి సరిగా 60 అయ్యెడిది. ఆమె వ్రేలికొన రక్తానికి పిలుపు వచ్చెడిది. వంశచరిత్ర అను గడిని అందరూ రక్తసంబంధమైన గడి అనుకొందురు. అది వైద్యుడు అందుబాటులోనుండిన ఇండ్లను, లేని ఇండ్లను వేరుచేయు గడి కూడ. 45 గ్రామాలలో చనిపోయినవారిని గురించి గడప గడపకు పోయి అడిగిన ఆ విచారణ విలువ ఇచ్చట తెలియుచున్నది. దానివలన పోయినవారు తిరిగి రారు. వారి బిడ్డల గడిలో సున్నకు బదులు ఒక అంకె పడుటకు వీలుండెను.

పశ్చిమ గోదావరి పల్లెలలోనే మరొక ప్రయత్నం జరిగినది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని గ్రామాలలో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ అను పలకవంటి యంత్రాన్ని ఇచ్చినారు. వయస్సు, రక్తపుపోటు, రక్తంలో చక్కెర, పొగాకు మొదలైన వివరాలు అందులో ఎక్కించగానే, రాబోవు పదేండ్లలో గుండెజబ్బు వచ్చు అవకాశమెంతో యంత్రం చెప్పును; వైద్యునివద్దకు పంపమని హెచ్చరించును. నడివయస్సు దాటిన అరువదివేలకు పైగా జనాన్ని ఈ విధంగా చూచినారు. 2019లో ఫలితం వెలువడినది. రక్తపుపోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యలో, యంత్రమున్న గ్రామాలకూ లేని గ్రామాలకూ మధ్య చెప్పుకోదగిన భేదం కనబడలేదు. ఆశా కార్యకర్తల లోపం కాదు. వారు పని చక్కగా నేర్చుకొన్నారు. గణితంలోనూ లోపం లేదు. యంత్రం ‘వైద్యుని చూడుము’ అన్నప్పుడు కేంద్రంలో వైద్యుడుండవలెను, వైద్యుడు వ్రాసిన మందు అలమారలో ఉండవలెను. అవి నిలకడగా లేనిచోట జోస్యం ఎంత నిజమైనా రోగికి ఒరిగినది స్వల్పం. ఇట్టి ప్రతికూల ఫలితాన్ని దాచక ప్రకటించుట ఆ పరిశోధకుల నిజాయితీకి గుర్తు. విజయగాథలకంటె ఇట్టివాటిని విద్యార్థులు శ్రద్ధతో చదువవలెను.

దేశంలో 2017నుండి 30 ఏండ్లు దాటిన ప్రతి ఒక్కరి వివరాలనూ ఆశా కార్యకర్త ఇంటింటా నమోదుచేయు పద్ధతి అమలులోనికి వచ్చినది. అందులోనూ వయస్సు, పొగాకు, మద్యం, నడుము, వ్యాయామం, వంశచరిత్రలకు మార్కులు కలవు. చదువుకు, పొలానికి, కూలికి, తల్లి తిన్న తిండికి మార్కులు లేవు. వీటిలో కొన్ని వేరే దస్తరాలలో ఉన్నవి: అంగన్‌వాడీ పుస్తకంలో బిడ్డ బరువున్నది, పాఠశాల రిజిస్టరులో చదువు మానిన తరగతి ఉన్నది, రేషను కార్డులో బియ్యపు తూకమున్నది. ఇవన్నీ ఒకచోట చేర్చినచో మహత్తరమైన పట్టిక కాగలదు. ఆ చేర్పులో మనుష్యుల గుట్టు బయటపడకుండ కాపాడుట ఎట్లన్నది ఎంతో పెద్ద ప్రశ్న. పెండ్లి సంబంధాలు వెదకుచున్న ఇంట షుగరన్న మాట ఎంత గుట్టుగా ఉంచుదురో పల్లెలో పుట్టినవారికి వేరుగా చెప్పవలెనా?

పాత లెక్కకూ కొత్త లెక్కకూ పోలిక కట్టదలచినవారికి మరొక చిక్కున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన రెండు గోదావరి జిల్లాలు విడిపోయి కొత్త జిల్లాలైనవి. భీమవరం ముఖ్యపట్టణంగా పశ్చిమ గోదావరి, రాజమహేంద్రవరం ముఖ్యపట్టణంగా తూర్పు గోదావరి మిగిలినవి. ఏలూరు, కాకినాడ, కోనసీమ వేరు జిల్లాలు. కొవ్వూరు, నిడదవోలు గోదావరికి పడమటనే ఉండి తూర్పు గోదావరిలో చేరినవి. అందుచేత పాత పట్టికలో ‘పశ్చిమ గోదావరి’ అని ఉన్న వరుసను నేటి పట్టికలో అదే పేరుగల వరుసతో జతపరచినచో యంత్రం సందేహించక ఒక తేడా చూపును; ఆ తేడాలో వ్యాధి ఎంతో, సరిహద్దు మార్పెంతో ఎవరికీ తెలియదు. ఇంగ్లీషులో మూడు విధాల వ్రాయు ఊరి పేర్లు ఇంకొక తలనొప్పి. జిల్లా పేరును విడిచి, ఊరి పేరు పట్టుకొని, ఏ ఊరు ఏ ఆరోగ్య కేంద్రం క్రిందిదో తెలిసినవారెవరో ఒకరు పటం ముందు పెట్టుకొని, వరుస వెంట వరుస సరిచూడవలసియున్నది.